జీరో బిల్లును నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: మాది జగిత్యాల. నా భర్త ఆటో నడుపుతారు, నేను బీడీలు చుడతాను. ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ మాతోనే ఉంటారు. రేషన్ కార్డు ఉంది, ఉండేది అద్దె ఇల్లు. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మొదలైనప్పటి నుంచి మాకు జీరో బిల్లే వస్తోంది. మొన్న మే నెలకు మాత్రం 206 యూనిట్లు కాలాయని దాదాపు 1,200 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. 33 రోజులకు రీడింగ్ తీశారు. అడిగితే ‘200 దాటితే అంతే’ అన్నారు. ఇంతలో ఇల్లు మారాల్సి వస్తోంది. కొత్త ఇంట్లో మూడు వాటాలకూ ఒకటే మీటరు. మాకు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 9 రూపాయలు తీసుకుంటానని యజమాని అంటున్నారు. మా మరిది ‘ఇవన్నీ రేపో మాపో ఎత్తేసేవే, ఎక్కువ అడిగితే ఉన్నది కూడా పోతుంది’ అని భయపెడుతున్నాడు. మేము ఏం చేయాలి?
– ఒక సోదరి, జగిత్యాల

జవాబు: అమ్మా, ముందు మీ మరిది మాట సంగతి చూద్దాం. అడిగినందుకు ఎవరి జీరో బిల్లూ పోదు. రేషన్ కార్డు, ఆధార్, సర్వీస్ నంబరు ఒకదానితో ఒకటి కలిసి ఉండి, నెలకు 200 యూనిట్లు దాటకపోతే మీకు ఈ సాయం అందాలి. అధికారి దయ మీద ఆధారపడింది కాదు. అడగకుండా ఊరుకున్న ఇళ్లలోనే ఇది జారిపోతుంటుంది. నంబరు తప్పుగా నమోదైందని తెలిసి కూడా సరిచేయించుకోరు, ఇల్లు మారినా చెప్పరు, బిల్లు వస్తే నోరు మూసుకుని కట్టేస్తారు. మీరు ఉత్తరం రాసి మంచి పని చేశారు.

ఇప్పుడు ఆ మే నెల బిల్లు. మన గృహ వినియోగ ధరలు మెట్లు మెట్లుగా ఉంటాయి, ఒక్కో మెట్టును శ్లాబ్ అంటారు. నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసల చొప్పున, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసల చొప్పున లెక్క. అంటే సరిగ్గా 200 కాలితే కరెంటు చార్జీ 820 రూపాయలు. గృహజ్యోతి ఉంది కాబట్టి ఆ బిల్లు ప్రభుత్వం కడుతుంది, మీకు సున్నా. ఒక్క యూనిట్ దాటినా రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. సాయం మొత్తం ఆగిపోతుంది, పైగా ధరల పట్టికే మారిపోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచి 200 వరకు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 7 రూపాయల 70 పైసలు. మీ 206 యూనిట్లకు 1,020, దాని మీద ఆరు యూనిట్లకు 46 రూపాయల 20 పైసలు, ఆపైన వినియోగదారుల చార్జీ, స్థిర చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల సుంకం. అలా 1,200 దాకా వెళ్లింది. ఆరు యూనిట్లకు ఒక కుటుంబం మీద ఇంత భారం పడటం అన్యాయమని నా అభిప్రాయం. దాని గురించి చివర్లో చెబుతాను, ముందు మీ చేతిలో ఉన్న పని చూద్దాం.

మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది ఆ 33 రోజుల దగ్గర. 206ను 33తో భాగిస్తే రోజుకు ఆరుంపావు యూనిట్లు కూడా పూర్తిగా లేవు. అదే వాడకానికి 30వ రోజున రీడింగ్ తీసి ఉంటే మీటరు 187 దగ్గర ఉండేది, మీకు జీరో బిల్లు వచ్చేది. రీడింగ్ ఆలస్యం మీ తప్పు కాదు. ఒక తెల్లకాగితం మీద పాత రీడింగ్, దాని తేదీ, కొత్త రీడింగ్, దాని తేదీ, నేను చేసిన ఈ భాగహారం రాయండి. ‘రోజుల లెక్కన శ్లాబ్ నిర్ణయించి బిల్లు సవరించగలరు’ అని అడగండి. మీ ప్రాంత అసిస్టెంట్ ఇంజినీరు కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పంపేస్తారు. కాగితం ఇస్తే జవాబు చెప్పాల్సింది వాళ్లే. కాదంటే కారణం రాసివ్వమనండి.

ఆ బిల్లు చీటీ కూడా జాగ్రత్త. స్పాట్ బిల్లింగ్ యంత్రం ఇచ్చే కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. దేవుడి పటం వెనుక దాచిన బిల్లు అవసరమైన రోజున తెల్లకాగితంగా బయటికి వస్తుంది. వచ్చిన రోజే ఫోనులో ఫొటో తీయండి. జీరో బిల్లులను కూడా తీసి పెట్టుకోండి. సున్నానే కదా అని పారేస్తుంటారు గానీ, మీరు ఇన్ని నెలలుగా లబ్ధిదారులని చూపించే రుజువు అదే.

అక్కడ పని కాకపోతే 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ తర్వాత విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా దాన్ని నడపాలి. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసినా చాలు. అక్కడ కూడా న్యాయం జరగలేదనిపిస్తే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ అనే ఫిర్యాదుల అధికారి ఉన్నారు. ఈలోగా కరెంటు కట్ చేస్తారేమోనని భయపడకండి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బాకీ ఉన్నా సరే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా సరఫరా ఆపకూడదు. అదే సెక్షన్‌లో చాలామందికి తెలియని మాట ఇంకొకటి ఉంది. బిల్లు మీద వివాదం ఉంటే, వాళ్లు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో మీరు కట్టినదాని సగటు ప్రకారం వచ్చే మొత్తం గానీ, ఏది తక్కువైతే అది ‘ఆక్షేపణతో కడుతున్నాను’ అని రాసి కట్టవచ్చు. ఆ వివాదం తేలేవరకు సరఫరా ఆపడానికి వీల్లేదు.

ఇక మళ్లీ 200 దాటకుండా చూసుకోవడం. 200ను 30తో భాగిస్తే రోజుకు ఆరున్నర యూనిట్లకు కొంచెం పైన. రీడింగ్ ఆలస్యమయ్యే అలవాటు మీ వీధిలో ఉంది కాబట్టి, ఆరే అనుకోండి. ప్రతి ఆదివారం మీటరు చూసి ఆ అంకె గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. డిజిటల్ మీటరులో అంకెలు మారుతూ ఉంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని కనిపించేదే మీకు కావలసింది, మిగతావి వోల్టేజీ, లోడు వగైరా. వారానికి 42 యూనిట్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 50 దగ్గర ఉంటే మూడో వారానికల్లా జాగ్రత్త పడే వీలుంటుంది. బిల్లు వచ్చాక తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

ఎక్కడ తగ్గించాలి అన్నది ఇంటి ఇల్లాలిగా మీకే బాగా తెలుసు. అయినా వాట్ల లెక్క ఒకసారి చూడండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే మూడు ఫ్యాన్లకు నెలకు వంద యూనిట్లు పోతాయి. అంటే మీ 200లో సగం. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఒక్క ఫ్యాను మార్చినా నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మే నెలలో మీరు దాటింది ఆరే. ఈ ఏడాది ఒక్క ఫ్యాను కొనగలిగితే, ఎక్కువ సేపు తిరిగే దాన్ని మార్చండి. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు మార్చడానికి అయ్యే ఖర్చు తక్కువే.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. యూనిట్లు మిగల్చడానికి అత్తమ్మ గదిలో ఫ్యాను గానీ కూలరు గానీ ఆపకండి. జగిత్యాల జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద, స్లాబు కింద రాత్రిళ్లు కూడా వేడి దిగదు. వడదెబ్బకు ముందుగా పడిపోయేది పెద్దవాళ్లు, పసిపిల్లలు. ఇలాంటి పథకం ఉండాల్సిందే ఎండలు మండే ఆ రెండు నెలల కోసం. బిల్లు భయంతో ఎవరూ ఉక్కలో మగ్గిపోకూడదని. దాన్ని నిలబెట్టుకోవడం కోసం పెద్దామెను ఉక్కలో పడుకోబెడితే ఆ సాయానికి అర్థం లేదు. ఒక నెల 200 దాటితే దాటనివ్వండి. మళ్లీ తర్వాతి నెల 200 లోపు వస్తే జీరో బిల్లు వస్తుంది, ఒక్కసారి దాటినందుకు శాశ్వతంగా పోదు.

కొత్త ఇంటి విషయంలో మాత్రం తొందరపడకండి, అద్దె బయానా ఇంకా ఇవ్వకపోతే మరీ మంచిది. మూడు వాటాలకు ఒకే మీటరు ఉంటే ఏం జరుగుతుందో చూడండి. ఒక్కో ఇంటికి 170 యూనిట్లు అనుకుంటే మొత్తం 510. మీటరుకు మాత్రం మూడు కుటుంబాలు కనిపించవు, ఒకే పెద్ద ఇల్లు కనిపిస్తుంది. 510 యూనిట్లకు పై శ్లాబుల్లో కరెంటు చార్జీయే 3,735 రూపాయలు అవుతుంది. మూడు కుటుంబాలకూ రేషన్ కార్డులు ఉన్నా ఎవరికీ జీరో బిల్లు రాదు. మీ వాటాకు 9 రూపాయల చొప్పున నెలకు 1,530. విడి మీటరు ఉంటే మీరు కట్టేది సున్నా. సంవత్సరానికి పద్దెనిమిది వేలు దాటే తేడా ఇది, బీడీలు చుట్టి సంపాదించే డబ్బు.

కాబట్టి యజమానితో మాట్లాడి వాటాకు విడి మీటరు పెట్టించమని అడగండి. చట్టం 43వ సెక్షన్ ఇంటి యజమానికే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారికి కూడా కనెక్షన్ కోసం దరఖాస్తు చేసే హక్కు ఇచ్చింది. సాధారణంగా యజమాని సమ్మతి పత్రం, అద్దె ఒప్పందం అడుగుతారు. డిపాజిట్, కనెక్షన్ ఖర్చు ఒక్కసారే. దాన్ని అద్దె అడ్వాన్సులో సర్దుబాటు చేసుకోవచ్చని ఆయనకు చెప్పి చూడండి. చాలామంది యజమానుల భయం ఏమిటంటే, మీటరు అద్దెవారి పేరు మీదకు వెళితే ఇల్లే పోతుందని. కరెంటు కనెక్షన్ వల్ల ఇంటి మీద హక్కు రాదు. మీటరు ఆయన పేరు మీదే ఉన్నా మీకు అభ్యంతరం లేదని చెప్పండి, ఎందుకంటే గృహజ్యోతి అద్దెకు ఉండేవారికి కూడా వర్తిస్తుంది. కావలసింది మీ రేషన్ కార్డు, ఆధార్ ఆ సర్వీస్ నంబరుతో కలపడమే. ఆయన ససేమిరా అంటే, నాలుగు వందలు అద్దె ఎక్కువైనా విడి మీటరు ఉన్న ఇల్లే మీకు లాభం.

ఇల్లు మారిన వారంలోపే పురపాలక కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లండి. పల్లెల్లో అయితే ఎంపీడీవో కార్యాలయం. ఆధార్, రేషన్ కార్డు, కొత్త ఇంటి బిల్లు తీసుకువెళ్లి పాత సర్వీస్ నంబరు తీయించి కొత్తది చేర్పించండి. ఒక కార్డుకు ఒక కనెక్షనే. పాతది అలాగే వదిలేస్తే కొత్త ఇంట్లో మీకు రాదు, మీ తర్వాత ఆ పాత ఇంట్లోకి వచ్చే కుటుంబానికి కూడా చిక్కే. నంబరు రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒక్క అంకె తేడాతో నెలల తరబడి బిల్లులు కడుతున్నవాళ్లు నాకు తరచుగా రాస్తుంటారు.

ఇదే పేజీ చదివే ఆంధ్రప్రదేశ్ సోదరీమణులకు ఒక మాట. అక్కడ నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉంది. కుల ధ్రువీకరణ పత్రం నమోదు కాకపోవడం వల్ల ఆగిపోయినవి చాలా ఉంటాయి. మీ బిల్లులో రాయితీ గడి ఖాళీగా ఉంటే సచివాలయంలో అడగండి.

ఇప్పుడు మీ మరిది చెప్పిన రెండో మాటకు వస్తాను, రేపో మాపో ఎత్తేస్తారన్నది. ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ ఇలాంటి సాయం పోయే తీరు వేరు. ఎత్తేస్తున్నామని ఉత్తర్వు ఇచ్చే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయదు. చప్పుడు లేకుండా సన్నబడుతుంది. గ్యాస్ సంగతి గుర్తు చేసుకోండి. సిలిండరుకు పూర్తి ధర కట్టండి, రాయితీ ఖాతాలో వేస్తామన్నారు. 2020 వేసవి తర్వాత చాలామంది ఖాతాల్లో ఆ డబ్బు పడటం ఆగిపోయింది. ప్రకటన లేదు, గొడవ లేదు. రెండేళ్లకు, 2022 మేలో, ఉజ్వల కనెక్షన్లకు మాత్రం సిలిండరుకు 200 ఇస్తామన్నారు, 2023లో దాన్ని 300 చేశారు. మన రాష్ట్రంలో 500 రూపాయల సిలిండరుకు కూడా ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. పడిందో లేదో మీరు పాసుపుస్తకం చూసుకుంటున్నారా? చూసుకోండి.

కరెంటుకు కూడా ఇదే పద్ధతి తేవాలని 2020లో కేంద్రం విద్యుత్ చట్ట సవరణ ముసాయిదాలో పెట్టింది. ముందు పూర్తి బిల్లు కట్టాలి, తర్వాత ప్రభుత్వం ఖాతాలో వేస్తుంది. చాలా రాష్ట్రాలు వద్దన్నాయి, తెలంగాణ కూడా. రోజు కూలీ మీద బతికే ఇంట్లో వెయ్యి రూపాయలు ముందు కట్టడానికే ఉండవు. అందుకే బిల్లులోనే సున్నా కనిపించే ఇప్పటి పద్ధతి చాలా విలువైనది. అది మారబోతుందనే మాట ఎప్పుడు వినబడినా మీరంతా ఒక్కటై వద్దనాలి.

రెండో ప్రమాదం బడ్జెట్‌లో ఉంటుంది. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ డబ్బు పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలి. చెల్లించకపోతే, కరెంటు ధరలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన పూర్తి ధరే వర్తిస్తుందని ఆ సెక్షన్ చెబుతోంది. అంటే మీ సున్నా నిలబడేది ప్రభుత్వం ఆ సొమ్ము వేళకు కట్టడం మీద. 2024 మార్చి నుంచి జీరో బిల్లులు వస్తున్నాయి, ప్రభుత్వ లెక్క ప్రకారం దాదాపు 50 లక్షల కుటుంబాలకు. ఇంతమందికి సంబంధించిన పద్దు ఏటా బడ్జెట్‌లో ఎంత పెట్టారు, ఎంత కట్టారు అని అడిగే నాథుడు ఉండాలి. మీ వార్డు సభ్యులను, ఎమ్మెల్యేను అడగండి. ఉచితాలు దండగ అనేవారికి జవాబు చెప్పడానికి సంకోచించకండి. ఒక ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులు విలాసం కాదు. కరెంటు ధరల మీద పేదలు నోరు విప్పడం ఈ గడ్డకు కొత్త కూడా కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ నడిచినవారి మీద కాల్పులు జరిగితే ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ చార్జీల మాటను తేలిగ్గా ఎత్తలేదు.

మీరు రోడ్డు ఎక్కనక్కర్లేదు, ఇప్పుడు దానికి ఒక వేదిక ఉంది. ఏటా పంపిణీ సంస్థలు తమ ఖర్చుల లెక్కలు, ధరల ప్రతిపాదనలు తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. మండలి దినపత్రికల్లో ప్రకటన వేయించి అభ్యంతరాలు కోరుతుంది, తర్వాత బహిరంగ విచారణ పెడుతుంది. రైతు సంఘాలు, పరిశ్రమల వాళ్లు అక్కడికి తప్పకుండా వస్తారు. జీరో బిల్లు అందుకునే ఆడవాళ్లు కనిపించడం అరుదు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు.

మీ బీడీ కార్మికులంతా కలిసి ఒక పేజీ అభ్యంతర పత్రం రాయండి. అందులో మీ మే నెల బిల్లు జత చేసి రెండే కోరండి. ఒకటి, రీడింగ్ ఆలస్యమైతే రోజుల లెక్కన శ్లాబ్ కట్టాలని. రెండు, 200 దాటితే దాటిన యూనిట్లకే బిల్లు వేయాలని. ఇది కొత్త కోరిక కాదు. పంజాబ్‌లో ఎస్సీ, బీసీ, పేద కుటుంబాలు ఉచిత పరిమితి దాటితే పైన కాల్చినదానికే కడతాయి. ఢిల్లీలో 200 దాటినా 400 యూనిట్ల వరకు సగం రాయితీ పెట్టారు, 800 రూపాయల పరిమితితో. తమిళనాడు 2016లోనే ప్రతి ఇంటికీ రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం చేసింది. మండలి ధరలు నిర్ణయిస్తుంది గానీ రాయితీ ఇచ్చేది ప్రభుత్వం కాబట్టి, ఆ పత్రం ప్రతి ఒకటి ఇంధన శాఖ మంత్రికి, ఒకటి మీ ఎమ్మెల్యేకు పంపండి. ప్రతిపాదనలు నవంబరు చివరికల్లా రావాలి. విచారణలు సాధారణంగా కొత్త సంవత్సరం మొదటి నెలల్లో, ఏప్రిల్ 1న కొత్త ధరలు మొదలయ్యేలోపు ఉంటాయి. అభ్యంతరాలకు గడువు తేదీ ప్రకటనలోనే ఇస్తారు. పత్రం రాయడానికి సాయం కావాలంటే మళ్లీ ఉత్తరం రాయండి, మీ బిల్లుల ఫొటోలు కూడా జత చేయండి.